పార్కూర్ నేర్చుకునేవారికి: నేల మీద మొదలుపెట్టి గోడ దాకా

పార్కూర్ అంటే దారిలో అడ్డొచ్చే గోడలు, గట్లు, రెయిలింగ్‌లను పరుగెత్తి, దూకి, ఎక్కి దాటే సాధన. దాని గురించి నన్ను అడిగే కుర్రాళ్ల మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: "అన్నా, ఎంత ఎత్తు నుంచి దూకొచ్చు?" ఆ ప్రశ్నతో మొదలుపెట్టినవాళ్లలో చాలామంది మూడు నాలుగు నెలలకే మోకాలు పట్టుకుని మానేశారు. "చప్పుడు కాకుండా ఎలా దిగాలి?" అని అడిగినవాళ్లు ఇప్పటికీ చేస్తున్నారు.

అందుకే ఇది దిగడం దగ్గర మొదలవుతుంది. గోడ ఎక్కడం చివర్లో వస్తుంది. మధ్యలో ఏ మెట్టూ దాటేయకండి.

## 1. ఎందుకు చేస్తున్నారో ముందు తేల్చుకోండి

ఇది మంచిమాటల కోసం చెప్పడం లేదు. దెబ్బలు ఎక్కువగా తగిలేది తప్పుడు కారణంతో దూకినప్పుడే. స్నేహితుడు "దమ్ముంటే దూకు" అన్నాడని, వీడియో తీస్తున్నారని, పక్కవాడు చేశాడని దూకేటప్పుడు దృష్టి కాళ్ల మీద ఉండదు, చూసేవాళ్ల మీద ఉంటుంది.

పార్కూర్ మూలాలు ఫ్రెంచ్ నౌకాదళ అధికారి జార్జ్ ఎబేర్ శిక్షణ పద్ధతిలో ఉన్నాయి. "ఉపయోగపడటానికి బలంగా ఉండు" అన్నది ఆయన సూత్రం. కాలు విరిగి మంచం మీద ఉన్నవాడు ఎవరికీ ఉపయోగపడలేడు, కాబట్టి ఆ సూత్రంలోనే జాగ్రత్త కూడా ఉంది.

కొత్తది ఏది చేసే ముందైనా ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి:

- ఫోన్ ఇంట్లో ఉన్నా, ఎవరూ చూడకపోయినా ఇది చేస్తానా?
- ఇదే గెంతు ఇప్పుడే వరుసగా పదిసార్లు చేయగలనా?
- గురి తప్పితే ఎక్కడ పడతానో, ఎలా పడతానో తెలుసా?

ఒక్కదానికి "లేదు" అని వచ్చినా ఆ రోజుకు వద్దు. రెచ్చగొట్టేవాళ్లకు "ఇవాళ నా ప్రాక్టీస్‌లో అది లేదు" అని చెప్పేసి, మీ పని మీరు చేసుకోండి. అలా చెప్పడానికి కూడా అలవాటు కావాలి. మొదటిసారి నాకూ నోరు పెగల్లేదు.

ఫోన్ పూర్తిగా వద్దని కాదు. పక్క నుంచి తీసుకుని మోకాళ్లు ఎలా వంగుతున్నాయో చూసుకోండి. మొదటి మూడు నెలలు ఆ వీడియోలు మీ వరకే ఉంచుకుంటే మంచిది.

## 2. ఒళ్లు సిద్ధంగా ఉందా చూసుకోండి

కండరాలు కొన్ని వారాల్లోనే బలపడతాయి. కండను ఎముకకు కట్టి ఉంచే స్నాయువులకు మాత్రం నెలలు పడుతుంది. రెండో నెలలో "నాకు బలం వచ్చేసింది" అనిపించి ఎత్తు పెంచితే మోకాలి చిప్ప కింద, మడమ వెనక నొప్పి మొదలయ్యేది అందుకే.

నా దగ్గరికి వచ్చేవాళ్లకు నేను పెట్టే లెక్క ఇది:

- గుంజీలు 30, మడమలు నేలకు ఆనించి, ఆగకుండా
- పుషప్స్ 15
- కడ్డీ పట్టుకుని 30 సెకన్లు వేలాడటం (పుల్‌అప్స్ మూడు వస్తే ఇంకా మంచిది)
- ఒంటికాలిపై మునివేళ్ల మీద లేచి దిగడం, ఒక్కో కాలికి 20
- ఒంటికాలిపై కదలకుండా 30 సెకన్లు నిలబడటం

రాకపోతే ఆరు నుంచి ఎనిమిది వారాలు ఇవే చేయండి. దీన్ని వృథా కాలం అనుకోకండి. కింద కూర్చుని భోజనం చేసి, చేతులు ఆనించకుండా లేవగలిగేవాళ్లకు తొంటి, చీలమండ కదలిక ముందే ఉంటుంది. రోజంతా కుర్చీలో ఉండేవాళ్లు గొంతుక్కూర్చోవడంతో మొదలుపెట్టాలి.

పాత ఫ్రాక్చర్, మోకాలి ఆపరేషన్, నడుం నొప్పి, గుండె సమస్య, కళ్లు తిరగడం ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ని అడగండి. ఎదిగే వయసు పిల్లల ఎముకల చివర్లు ఇంకా గట్టిపడవు. వాళ్లతో ఎత్తు నుంచి పదేపదే దూకించకండి. నేల మీద ఆటలు, బ్యాలెన్స్, పాకడం వాళ్లకు చాలు.

## 3. చోటు, వేళ, బూట్లు

మొదటి చోటు మెత్తటి గడ్డి నేల. స్కూల్ గ్రౌండ్‌లో లాంగ్‌జంప్ ఇసుక గుంట ఉంటే అదృష్టం. విశాఖ వాళ్లకు బీచ్‌లో, అలలకు దూరంగా ఉన్న పొడి ఇసుక దొరుకుతుంది. దొర్లడం నేర్చుకోవడానికి అది బాగుంటుంది. పరుగెత్తి దూకడానికి మాత్రం పనికిరాదు, పాదం కూరుకుపోయి చీలమండ మడతపడుతుంది. గడ్డివాము మీదికి దూకడం ఊళ్లలో పాత సరదానే కానీ లోపల ఏ కర్ర ఉందో కనపడదు కాబట్టి వద్దు.

డాబా పిట్టగోడలు ఈ నేర్చుకోవడంలో ఎక్కడా లేవు. పైన కరెంటు తీగలు, పక్కన రేకులు, కింద సిమెంటు. ఎన్నేళ్ల అనుభవం ఉన్నా నేను ఒప్పుకోను. గోల్కొండ, వరంగల్ కోట గోడలు కూడా వద్దు. అవి చట్టం కాపాడుతున్న కట్టడాలు, వాటి రాళ్లు ఊడితే మళ్లీ రావు.

చోటుకు వెళ్లగానే దూకకండి. ముందు ఐదు నిమిషాలు ఇలా తిరిగి చూడండి:

- గోడ పైన అరచేత్తో తడమండి. దుమ్ము, ఇసుక ఉంటే తుడవండి. గాజు పెంకులు, మేకులు ఉంటే ఆ గోడ వదిలేయండి.
- పై వరుస ఇటుకలను, గట్టు రాళ్లను చేత్తో గట్టిగా తోసి, కాలితో నొక్కి చూడండి. కదిలితే వద్దు.
- రెయిలింగ్‌ను రెండు చేతులా పట్టుకుని ఊపండి. వెల్డింగ్ దగ్గర తుప్పు చూడండి.
- అవతలి వైపుకు నడిచి వెళ్లి దిగే చోటు చూడండి. మురుగుకాలువ, గుంత, పడుకున్న కుక్క ఇవతలి నుంచి కనపడవు.
- వాచ్‌మన్‌ని, స్థలం వాళ్లని అడగండి. "కాకా, పొద్దున అరగంట ప్రాక్టీస్ చేసుకుంటాం, ఏదీ పాడుచేయం" అంటే చాలామంది ఒప్పుకుంటారు. వద్దంటే వచ్చేయండి.

వానాకాలంలో గోడల మీద నాచు పడుతుంది. పైకి ఆరినట్టు కనిపించినా లోపల జారుతుంది. ఒక ఆగస్టులో వాన వెలిసిన గంటకే నేను గోడ మీద చెయ్యి వేశాను. చెయ్యి జారింది, మణికట్టు మీద పడ్డాను. ఆరు వారాలు కట్టు. అప్పటి నుంచి తడి గోడల జోలికి వెళ్లను. తడిసిన రోజు నేల మీద పాకుడు, బ్యాలెన్స్ మాత్రమే చేస్తాను.

ఎండాకాలంలో ఎనిమిది దాటితే ఇనుప కడ్డీలు, గ్రానైట్ పట్టుకోలేనంత వేడెక్కుతాయి. తెల్లారాక ఐదున్నర నుంచి ఏడున్నర మంచి వేళ. చీకట్లో చేయకండి.

బూట్లకు వేల రూపాయలు పెట్టక్కర్లేదు. అడుగు రబ్బరుది, చదునుగా, ఒకటే ముక్కగా ఉండి, పాదం కింద నేల తెలియాలి. మందపాటి మెత్తటి రన్నింగ్ షూస్‌లో చీలమండ ఊగుతుంది. లేసులు ముడివేసి లోపలికి దోపండి. ఉంగరం, కడియం, గొలుసు తీసేయండి. చెప్పులతో వద్దే వద్దు.

## 4. వార్మప్: పదిహేను నిమిషాలకు తగ్గకుండా

- ఐదు నిమిషాలు నెమ్మదిగా పరుగు
- చీలమండ, మోకాలు, తొంటి, భుజం, మణికట్టు గుండ్రంగా తిప్పడం
- నాలుగు కాళ్ల నడక: మోకాళ్లు నేలకు తగలకుండా చేతులూ పాదాలతో ముందుకు, వెనక్కి, పక్కలకు పది పది అడుగులు
- ఉన్నచోటే చిన్న గెంతులు 20

మణికట్టును ఎక్కువమంది మర్చిపోతారు. అరచేతులు నేలకు ఆనించి, బరువు మెల్లగా ముందుకు వెనక్కి వేయండి. తర్వాత చేసే ప్రతి వాల్ట్ (చెయ్యి ఆనించి గోడను దాటడం) బరువూ ఆ చిన్న కీలు మీదే పడుతుంది.

## 5. దిగడం (లాండింగ్): మొదటి నెల అంతా ఇదే

ఒక మీటరు ఎత్తు నుంచి దిగితే నేల తాకేసరికి వేగం గంటకు సుమారు 16 కిలోమీటర్లు ఉంటుంది. కాళ్లు బిగబట్టి ఆ వేగాన్ని 5 సెంటీమీటర్లలో ఆపేస్తే మీ బరువుకు సగటున 21 రెట్ల ఒత్తిడి ఒంటి మీద పడుతుంది. మోకాళ్లు, తొంటి మడిచి 50 సెంటీమీటర్లలో ఆపితే అది మూడు రెట్లే. 60 కిలోల మనిషికి 1260 కిలోల దెబ్బకూ 180 కిలోల బరువుకూ ఉన్న తేడా అది. దూకింది అదే ఎత్తు, మారింది ఆగిన తీరు మాత్రమే.

చేసే క్రమం:

1. నేల మీదే నిలబడి చిన్నగా పైకి గెంతండి. ముందు వేళ్ల కింది కండ నేలను తాకాలి. మడమ ఆ తర్వాత మెల్లగా వాలాలి, లేదా తాకీ తాకనట్టు ఉండాలి.
2. తాకిన వెంటనే చీలమండ, మోకాలు, తొంటి ఒకదాని వెంట ఒకటి మడవండి. మోకాళ్లు కాలివేళ్లు చూసే వైపే చూడాలి.
3. మోకాలు 90 డిగ్రీలకన్నా లోతుగా కూలకూడదు. ఛాతీ కాస్త ముందుకు, చేతులు ముందుకు.
4. ఆగి, కదలకుండా రెండు సెకన్లు ఉండండి.
5. ఇరవైసార్లు బాగా వచ్చాక ఒక మెట్టు ఎత్తు నుంచి, తర్వాత రెండు మెట్లు. మొదటి నెలలో మోకాలి ఎత్తు దాటొద్దు.

మీ చెవే ఇక్కడ గురువు. "ధబ్" అని వినిపిస్తే ఎత్తు తగ్గించండి. పిల్లి దిగినట్టు ఉంటే అక్కడే ఇంకో వారం చేసి పెంచండి.

తప్పులు, సరిదిద్దుకునే తీరు:

- మోకాళ్లు లోపలికి వాలిపోవడం: మోకాలి లిగమెంట్లకు ఇదే అన్నిటికన్నా ప్రమాదం. తొడలకు రబ్బరు బ్యాండ్ కట్టుకుని, దాన్ని బయటికి నెడుతూ గుంజీలు తీయండి.
- మడమ ముందు తగలడం: దూరం ఎక్కువైందన్నమాట. దగ్గరి నుంచి దూకండి.
- ముక్కు మోకాలికి తగిలేంత లోతుగా కూలడం: తొడల్లో బలం చాలలేదు. ఎత్తు సగానికి తగ్గించి గుంజీలు పెంచండి.

దిగిన ప్రతిసారీ ఎక్కడానికి నడిచే వెళ్లండి. ఆ నడకలో కాళ్లకు విరామం దొరుకుతుంది. ఒక రోజుకు ఇలా దిగడం 40 సార్లు దాటనివ్వకండి.

## 6. దొర్లడం (రోల్)

స్కూల్లో నేర్పిన పల్టీలో వీపు నిట్టనిలువుగా దొర్లుతుంది. సిమెంటు మీద అలా చేస్తే వెన్నెముక గణుపులన్నీ నేలకు కొట్టుకుంటాయి. పార్కూర్ రోల్ ఐమూలగా సాగుతుంది: కుడి భుజం వెనక నుంచి ఎడమ తొంటి దాకా.

1. గడ్డి మీద ఒక మోకాలు ఆనించి కూర్చోండి, కుడి పాదం ముందుకు.
2. రెండు అరచేతులూ కుడి పాదానికి లోపలి పక్కన నేలకు ఆనించండి.
3. గడ్డం ఛాతీకి దించి, ఎడమ చంక వైపు చూడండి.
4. వెనక కాలితో మెల్లగా నెట్టండి. కుడి భుజం వెనక భాగం నేలను తాకాలి. తల అస్సలు తాకకూడదు.
5. ఎడమ తొంటి మీదుగా వచ్చి, పాదాల మీదికి లేవండి.

కూర్చుని యాభైసార్లు వచ్చాక నిలబడి, తర్వాత నడుస్తూ, ఆ తర్వాతే చిన్న గెంతుతో. రెండు వైపులా నేర్చుకోండి.

ఎక్కడ నొప్పి వచ్చిందో చూస్తే తప్పు తెలిసిపోతుంది. భుజం కొసన నొస్తే చెయ్యి మడవకుండా భుజం మీద కూలిపోయారు. తొంటి ఎముక కమిలితే మరీ పక్కకు దొర్లారు. వెన్ను మధ్యలో నొస్తే నిట్టనిలువుగా వెళ్లారు.

ముందుకు వేగం ఉన్నప్పుడే రోల్ పనికొస్తుంది. నిట్టనిలువుగా కిందికి దిగినప్పుడు మడిచిన కాళ్లే కాపాడాలి. "రోల్ వచ్చు కాబట్టి ఎత్తు నుంచి దూకొచ్చు" అనే ధైర్యంతోనే చాలామంది దెబ్బ తిన్నారు.

## 7. గురి చూసి దూకడం, తప్పుకోవడం

నేల మీద సుద్దముక్కతో రెండు గీతలు గీయండి. మధ్య దూరం మీ పాదాలతో ఐదు పాదాలు. ఒక గీత మీద నుంచి ఇంకోదాని మీదికి దూకి, ముందుకో వెనక్కో అడుగు వేయకుండా రెండు సెకన్లు నిలబడాలి. పదికి పది వస్తే అర పాదం పెంచండి.

తర్వాత ఫుట్‌పాత్ అంచు. అక్కడ అరికాలి మధ్య గుంట కాదు, వేళ్ల కింది కండ అంచు మీద పడాలి. పాదం మధ్యలో పడితే జారినప్పుడు పిక్క ముందు ఎముక గీసుకుపోతుంది.

ఇక్కడే తప్పుకోవడం కూడా నేర్చుకోండి. కావాలని తక్కువ దూకి, అంచును పాదంతో తట్టి వెనక్కి నేల మీద దిగండి. కావాలని ఎక్కువ దూకి, అంచు మీది నుంచి ముందుకు పరుగు తీయండి. ఒక్కోటి ఇరవైసార్లు. నిజంగా గురి తప్పిన రోజు ఆలోచించే సమయం ఉండదు, ఒంటికి అలవాటైనదే జరుగుతుంది. అలా తప్పుకోవడానికి వీల్లేని చోట అసలు దూకకండి.

## 8. మొదటి వాల్ట్

నడుము ఎత్తుకు మించని గట్టి గోడ చాలు. మొదట నేర్చుకోవాల్సింది స్టెప్ వాల్ట్, దీన్నే సేఫ్టీ వాల్ట్ అని కూడా అంటారు.

1. గోడ వైపు నడుస్తూ వచ్చి ఎడమ చెయ్యి గోడ మీద వేయండి.
2. కుడి పాదం ముందు భాగం గోడ మీద, చేతికి దూరంగా పెట్టండి.
3. బరువు ఆ రెండింటి మీద ఉంచి, ఎడమ కాలిని చేతికీ పాదానికీ మధ్య నుంచి అవతలికి తీసుకెళ్లండి.
4. ఎడమ పాదంతో మెత్తగా దిగి, అదే ఊపులో నడిచి వెళ్లండి.

అందరూ చేసే తప్పు చెయ్యి తొందరగా తీసేయడం. పాదం నేల తాకబోయే దాకా చెయ్యి గోడ మీదే ఉండాలి. ఇంకోటి, ఎడమ కాలు ఎత్తకుండా ఈడ్చడం. గీసుకుపోయిన కాళ్లన్నీ దానివల్లే. నడుస్తూ బాగా వచ్చేవరకు పరుగు వద్దు. స్పీడ్ వాల్ట్, కాంగ్ లాంటి కష్టమైన వాల్ట్‌లు దీని తర్వాతే, అదీ దగ్గర నిలబడి చెప్పేవాళ్లు ఉంటేనే.

## 9. గోడ: ముందు దిగడం, తర్వాత ఎక్కడం

గోడ మీద కూర్చున్నవాడు కిందికి దూకేస్తాడు. అలా చేయకండి. వెనక్కి తిరిగి, అంచు పట్టుకుని, చేతులు చాచి వేలాడి, అప్పుడు వదలండి. ఎనిమిది అడుగుల గోడ అనుకుందాం. చేతులు పైకి చాస్తే ఏడడుగులు అందే మనిషికి వేలాడాక మిగిలేది ఒక్క అడుగే. పాదాన్ని గోడకు ఆనించి కాస్త నెట్టి వదిలితే మోకాళ్లు గోడకు గీసుకోవు.

ఎక్కడానికి మీరు చెయ్యెత్తితే అంచు అందే గోడతో మొదలుపెట్టండి. రెండు మూడు అడుగులు పరుగెత్తి, నడుము ఎత్తులో గోడకు పాదం ముందు భాగం ఆనించి, కిందికి కాదు పైకి నెట్టుకోవాలి. రెండు చేతులా అంచు అందితే అక్కడ వేలాడి, దిగిపోండి. వేలాడటం ముప్ఫై సార్లు నమ్మకంగా వచ్చాకే పైకి లాగడం.

## 10. ఎప్పుడు పెంచాలి, ఎప్పుడు ఆపాలి

ఎత్తు, దూరం, వేగం, నేల గట్టిదనం. ఒకసారికి వీటిలో ఒక్కదాన్నే మార్చండి. గడ్డి నుంచి సిమెంటుకు వచ్చిన రోజు ఎత్తు తగ్గించండి.

భయం వేస్తే దాన్ని తిట్టుకోకండి. ఆ దూరాన్నే నేల మీద గీతలు గీసి పదిసార్లు చేయండి. నేల మీద హాయిగా వస్తుంటే భయం ఎత్తు గురించి, అది మెల్లగా తగ్గుతుంది. నేల మీదే తడబడుతుంటే ఆ భయం నిజమే చెబుతోంది. మూడుసార్లు అంచుదాకా వెళ్లి ఆగిపోతే ఆ రోజుకు ఆ గెంతు అయిపోయినట్టే.

వారానికి మూడు రోజులు చాలు, మధ్యలో ఒక్కో రోజు ఖాళీ. ఒక్కో రోజూ గంట. కొత్త గెంతులు మొదటి సగంలో, బలం పెంచే పనులు రెండో సగంలో. కాళ్లు అలిసిపోయాక "ఇంకొక్కటి" అని చేసేదాంట్లోనే చీలమండ మడతపడుతుంది.

## 11. దెబ్బ తగిలితే

ఒంటరిగా చేయకండి. ఒక్కరైనా తోడుండాలి, ఫోన్‌లో చార్జింగ్ ఉండాలి. సంచిలో నీళ్లు, శుభ్రమైన గుడ్డ, బ్యాండేజి, క్రేప్ బ్యాండేజి పెట్టుకోండి.

- బెణుకు: ఆపేయండి. గుడ్డలో చుట్టిన ఐస్ 15 నిమిషాలు, క్రేప్ బ్యాండేజి, కాలు ఎత్తులో పెట్టడం. మొదటి రెండు రోజులు వేడి కాపడం, మాలిష్, లాగి సరిచేయడం వద్దు.
- నాలుగు అడుగులు వేయలేకపోతే, లేదా చీలమండ పక్క ఎముకల మీద నొక్కితే బాగా నొస్తే: ఎక్స్‌రే తీయించండి. కట్టు ఎవరి దగ్గర కట్టించుకున్నా ముందు ఎక్స్‌రే.
- తలకు దెబ్బ: బాగానే ఉన్నానన్నా ఆ రోజుకు ఆపించండి. వాంతి, మత్తు, మాట తడబాటు, తలనొప్పి పెరగడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి.
- మెడ, వెన్ను నొప్పి, కాళ్లు చేతులు తిమ్మిరి: మనిషిని కదిలించకండి, లేపి కూర్చోబెట్టకండి. 108కి ఫోన్ చేయండి.

తిరిగి మొదలుపెట్టడానికి తేదీ లెక్క పెట్టుకోకండి. దెబ్బ తగిలిన కాలి మీద ముప్ఫై సెకన్లు నిలబడాలి, మునివేళ్ల మీద ఇరవైసార్లు లేవాలి, ఉన్నచోటే పదిసార్లు గెంతాలి, ఇవన్నీ నొప్పి లేకుండా. అవి వచ్చాక ఐదో భాగంలోని ఒకటో అంకె నుంచి, నేల మీద చిన్న గెంతుతో, మళ్లీ మొదలుపెట్టండి.